పిల్లల కోపం చెయ్యి దాటితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు మార్గదర్శి

మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు ఒక రాత్రి చపాతీ మధ్యలో చిరిగిందని ఇంట్లో ముప్పావు గంట యుద్ధం జరిగింది. ఇంకోటి కాల్చి ఇచ్చాను, వద్దన్నాడు. ఆ చిరిగిన చపాతీయే చిరక్కముందు ఎట్లా ఉందో అట్లా కావాలన్నాడు. కంచం విసిరాడు, తలుపుకు తల కొట్టుకున్నాడు, చివరికి చెమటతో తడిసి వంటింటి గడప మీదే నిద్రపోయాడు. వాళ్ళవ్వ దిష్టి తీసింది. మా ఆయన "రెండు తగిలిస్తే సరి" అన్నారు. పక్కింటావిడ "మావాడూ అంతే, పెద్దయినాక తగ్గింది" అంది.

తర్వాతి ఏడాదిన్నరలో ఆరుగురి దగ్గరికి తిరిగాం. అందులో ముగ్గురి దగ్గరికి అసలు పోవాల్సిన పనే లేదు. మెదడు స్కానింగ్ కూడా తీయించాం. నార్మల్ అని వచ్చింది. సంతోషపడాలో, పోయిన డబ్బుకు ఏడవాలో తెలియలేదు. తప్పు ఎక్కువగా నాదే. ఎవరి దగ్గరికి పోయినా "వీడికి కోపం ఎక్కువ సార్" అని ఒక్క ముక్క చెప్పి కూర్చునేదాన్ని. కోపం ఎక్కువ అనడం జ్వరం వచ్చింది అన్నట్టే. అది డెంగీదో, టైఫాయిడ్‌దో, మామూలు జలుబుదో ఆ మాటలో ఉండదు. పిల్లలు తమ కోపాన్ని, భయాన్ని, ఏడుపును అదుపు చేసుకోలేకపోవడం కూడా అంతే, పైకి కనిపించే లక్షణం. దాని వెనక నిద్ర చాలకపోవడం ఉండొచ్చు, చదువులో ఇబ్బంది ఉండొచ్చు, ఆందోళన ఉండొచ్చు, ఆటిజం ఉండొచ్చు, బడిలో ఎవరో ఏడిపించడం ఉండొచ్చు. ఏ డాక్టరు కావాలన్నది ఆ వెనక ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. మేము తిరిగిన దారిలో మీరు తిరక్కుండా, వరసగా ఏం చేయాలో రాస్తున్నాను.

ఏ అడుగూ చూడకుండా వెంటనే వెళ్ళాల్సిన సందర్భాలు

పిల్ల గాని పిల్లాడు గాని చచ్చిపోతానంటున్నా, చేతులు కోసుకుంటున్నా, ఎత్తు నుంచి దూకబోయినా "బెదిరిస్తున్నాడులే" అనుకోవద్దు. అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు, అవ్వా తాతల బీపీ షుగర్ మాత్రలు ఉంటే తాళం వేసేయండి. మన పల్లెల్లో పురుగుల మందు డబ్బా గొడ్ల పాకలో చేతికందేలా ఉంటుంది, ముందు దాని సంగతి చూడండి.

నిన్నమొన్నటి దాకా బాగున్న పిల్ల నాలుగు రోజుల్లో పూర్తిగా మారిపోయి, దానితో జ్వరమో, ఫిట్సో, వాంతులో, మాట తడబడడమో ఉంటే అది కూడా అత్యవసరమే.

అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా పిల్లను హింసిస్తున్నారన్న అనుమానం ఉంటే 1098. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పిల్లను కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ మళ్ళీమళ్ళీ ప్రశ్నించవద్దు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, అందుకని భయపడి దాచిపెట్టవద్దు.

మొదటి అడుగు: వయసు చేష్టా, ఇబ్బందా?

రెండేళ్ళ బిడ్డ గాంధీ రోడ్డులో బొమ్మల కొట్టు ముందు పడి దొర్లితే దానికి డాక్టరు అక్కర్లేదు. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య అది మామూలు. మాటలు బాగా వచ్చేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. ఐదేళ్ళు దాటినా తగ్గకుండా, వారంలో చాలా రోజులు, ఒక్కోసారి అరగంటకు పైగా సాగుతుంటే ఆలోచించాలి. తనకో, తోబుట్టువులకో దెబ్బలు తగులుతున్నాయా, బడి నుంచి ఫోన్లు వస్తున్నాయా, మీరు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం మానేశారా అని చూసుకోండి. మేము రెండేళ్ళు ఏ ఫంక్షన్‌కూ పోలేదు. ఆ సంగతి మాకు మేమే గమనించుకోలేదు, మా అన్న అడిగితే తెలిసింది.

రెండో అడుగు: పది రూపాయల నోటుబుక్కు

ఈ మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే ఇది చేయండి. రెండు వారాల పాటు, గొడవ జరిగిన ప్రతిసారీ, అదే రాత్రి రాయండి. తేదీ, టైము, ఎక్కడ, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఎంతసేపు, ఎట్లా ఆగింది, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు. "మొండికేశాడు", "పొగరు చూపించాడు" అని రాయవద్దు, అవి మన తీర్పులు. "చెప్పు విసిరాడు, రెండుసార్లు" అని కంటికి కనిపించింది రాయండి.

నా పుస్తకంలో ఒక పేజీ ఇది:

"సోమవారం. సాయంత్రం 6:10. ట్యూషన్ నుంచి వచ్చాడు. బ్యాగు గోడకేసి కొట్టాడు. పాలు వద్దన్నాడు. చెల్లెలు పెన్సిల్ ముట్టుకుంటే జుట్టు పట్టి లాగాడు. 40 నిమిషాలు. నేనూ అరిచాను. నేను మిద్దె మీదికి వెళ్ళిపోయాక తగ్గాడు. పడుకునేటప్పుడు అడిగాడు: నేను చెడ్డోడినా అమ్మా?"

రాసేటప్పుడు ఏమీ అర్థం కాలేదు. రెండు వారాలయ్యాక పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద గొడవలన్నీ సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఉన్నాయి. ఆదివారం ఒక్కటీ లేదు. కార్వేటినగరంలో మా అమ్మ దగ్గర ఉన్న నాలుగు రోజులూ ఒక్కటీ లేదు. సోమ, బుధ, శుక్రవారాలు ట్యూషన్‌లో డిక్టేషన్ ఉండేది. చపాతీ గొడవ జరిగింది కూడా ఒక బుధవారమే. వాడికి అక్షరాలు తిరగబడుతున్నాయనీ, అందరి ముందూ తప్పులు చదివి వినిపిస్తున్నారనీ, ఆ అవమానాన్ని రెండు గంటలు బిగబట్టి ఇంటికి వచ్చి వదులుతున్నాడనీ ఆ పుస్తకం చెప్పింది. దాన్ని ఏ స్కానింగూ చెప్పలేదు.

మీ పుస్తకంలో వేరే కథ ఉంటుంది. చిత్తూరులో ఉండే నా స్నేహితురాలి కూతురు బడిలో బంగారం, టీచర్లకు నోట్లో నాలుక లేని పిల్ల. ఇంటికి రాగానే అగ్గిమీద గుగ్గిలం. ఆ పాపది ఆందోళన అని తర్వాత తేలింది. ఇంకో పిల్లాడు గంగమ్మ జాతరలో డప్పుల మోతకు చెవులు మూసుకుని కిందపడి కొట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ళమ్మ రాసుకుంటే మిక్సీ శబ్దానికీ, చొక్కా లోపలి లేబుల్‌కూ, బడికి వెళ్ళే దారి మారినా అదే గొడవ. పైకి మూడూ కోపమే. మూడింటికీ వెళ్ళాల్సిన గదులు మాత్రం వేరు.

బడి టీచరును కూడా ఒక నాలుగు లైన్లు రాసివ్వమని అడగండి. ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉంటే ఆ తేడా డాక్టరుకు చాలా విషయం చెబుతుంది. కుదిరితే ఒక గొడవను ఒక నిమిషం ఫోన్‌లో తీయండి, డాక్టరుకు చూపించడానికి మాత్రమే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పెద్దయ్యాక ఆ వీడియో వాళ్ళకు దొరుకుతుంది.

మూడో అడుగు: ముందు మీ పిల్లల డాక్టరు

నేరుగా మనసు డాక్టరు దగ్గరికి పరిగెత్తకుండా, టీకాలు వేసిన పిల్లల డాక్టరు దగ్గర ఒక్కసారి శరీరం సంగతి తేల్చుకోండి. రద్దీ లేని టైము చూసుకుని, "ఇవాళ జ్వరం గురించి కాదు, ప్రవర్తన గురించి వచ్చాం, పది నిమిషాలు కావాలి" అని ముందే చెప్పండి.

చూపు, వినికిడి సరిగా ఉన్నాయా? సరిగా వినపడని పిల్లలు మాట వినని పిల్లల్లా కనిపిస్తారు. రాత్రి నోరు తెరిచి గురక పెడుతున్నాడా? ముక్కు వెనక అడినాయిడ్లు, టాన్సిల్స్ పెరిగితే నిద్ర తెగుతుంది, నిద్ర తెగిన పిల్లలు పెద్దవాళ్ళలా మత్తుగా ఉండరు, గంతులేస్తారు, చిరాకు పడతారు. రక్తహీనత, థైరాయిడ్, మలబద్ధకం, కన్ను ఆర్పకుండా కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, ఇవన్నీ అడిగి తేల్చుకోవాల్సినవే.

వాడుతున్న మందుల పేర్లు తప్పకుండా చెప్పండి. ఆయాసానికీ అలర్జీకీ ఇచ్చే మాంటెలూకాస్ట్ కొందరు పిల్లల్లో చిరాకు, పీడకలలు, కోపం తెస్తుంది. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని మీద అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది. ఫిట్స్‌కు వాడే లెవిటిరాసిటామ్ కూడా కొందరిలో విపరీతమైన చిరాకు కలిగిస్తుంది. అయితే ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం ఉంటే మార్చమని అడగండి, అంతే.

నాలుగో అడుగు: ఎవరు ఏం చేస్తారు

బోర్డుల మీద పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, మేము చిక్కుకుంది ఇక్కడే.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. రోగ నిర్ధారణ చేస్తారు, మందు రాయగలరు. పిల్లల మానసిక వైద్యం మీద ప్రత్యేకంగా డీఎం చేసినవాళ్ళు దేశం మొత్తం మీదే తక్కువ. అందువల్ల మన ఊర్లలో పిల్లలను తరచుగా చూసే మామూలు సైకియాట్రిస్ట్ అయినా చాలు. "పిచ్చి డాక్టరు" అని బంధువులు అంటారని వెనకాడుతుంటే ఒక్క మాట: ఆ బోర్డు కింద కూర్చున్నప్పుడు నేను కూడా కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నా పక్కన కూర్చున్నావిడ మా అబ్బాయి బడి టీచరే.

క్లినికల్ సైకాలజిస్ట్ మందు రాయరు. పరీక్షలు పెడతారు, మాటలతోనూ ఆటలతోనూ చికిత్స చేస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. తెలివితేటల పరీక్ష, చదవడం రాయడంలో వైకల్యం ఉందో లేదో చూసే పరీక్ష చేసేది వీళ్ళే. ఆందోళన, భయాలు, దిగులు, ఇంట్లో పంతాలు, ఇలాంటివాటికి అసలు పని జరిగేది ఈ గదిలో.

డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ అంటే పిల్లల ఎదుగుదల మీద ప్రత్యేకంగా పనిచేసే పిల్లల డాక్టరు. ఐదారేళ్ళ లోపు బిడ్డకు మాటలు ఆలస్యమైనా, పేరు పిలిస్తే పలక్కపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, కోపంతో పాటు ఇవి కూడా ఉంటే వీళ్ళే సరైనవాళ్ళు.

న్యూరాలజిస్ట్ ఫిట్స్, తలనొప్పి, ఉన్నట్టుండి తెలివి తప్పడం లాంటివి చూస్తారు. ఒక్క కోపం కోసం అక్కడికి పోనక్కర్లేదు. మేము పోయాం, స్కానింగ్ తీయించుకుని వచ్చాం.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు శబ్దం, స్పర్శ, వెలుతురు తట్టుకోలేని పిల్లల విషయంలో, పెన్సిల్ పట్టుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం రాని పిల్లల విషయంలో పని. జాతరలో చెవులు మూసుకున్న పిల్లాడు ఆటిజం నిర్ధారణ అయ్యాక వెళ్ళింది వీళ్ళ దగ్గరికే. మాట స్పష్టంగా రాక, చెప్పుకోలేక కొట్టే పిల్లలకు స్పీచ్ థెరపిస్ట్. చదవడం, రాయడంలో ఇబ్బంది ఉన్న మావాడిలాంటివాళ్ళకు స్పెషల్ ఎడ్యుకేటర్.

ఇక కౌన్సెలర్. ఈ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మంచివాళ్ళు లేరని కాదు, ఆ మాట ఒక్కటే ఏ చదువునూ చెప్పదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే, ఆరేళ్ళు దాటిన పిల్లలకు సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్, అంతకన్నా చిన్నవాళ్ళకు డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్. ఇది నా లెక్క. చాలామందికి ఒక్కరు చాలరు, కానీ అందరినీ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

ఐదో అడుగు: మన దగ్గర ఎక్కడ

తిరుపతిలో మనం రుయా అని పిలిచే ఎస్వీఆర్ఆర్ ప్రభుత్వ ఆసుపత్రి ఎస్వీ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి. పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్ళాలి. పిల్లాడిని మీతో పాటు క్యూలో నిలబెట్టకండి. ఒకరు క్యూలో ఉంటే ఒకరు బయట చెట్టు కింద వాడితో ఉండండి. గది ముందుకు వచ్చేసరికి వాడు అలిసి అరుస్తుంటే డాక్టరు చూసేది వాడి అలసటను. పక్కనే ఉన్న స్విమ్స్‌లో న్యూరాలజీ లాంటి సూపర్ స్పెషాలిటీలు ఉన్నాయి, ఫిట్స్ అనుమానం ఉంటే అక్కడికి. శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పేరు చూసి "పిల్లల ఆసుపత్రి కదా" అని అక్కడికి పోకండి. అది గుండెకు సంబంధించింది. మేము ఆటోలో అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిన బాపతు.

పల్లెల్లో ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పరీక్షించి, ఎదుగుదల సమస్య ఉంటే జిల్లా స్థాయిలోని డైక్ సెంటర్‌కు, అంటే సమస్యను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రానికి (డీఈఐసీ), పంపుతారు. ఆ సెంటర్లలో పిల్లల డాక్టరు, థెరపిస్టులు ఒకేచోట ఉండాలన్నది పథకం ఉద్దేశం. మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో పట్టుకుంటే చీటీ రాయిస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో సమగ్ర శిక్ష వాళ్ళ భవిత కేంద్రాలు ఉన్నాయి, ఎంఈవో ఆఫీసులో అడగండి.

చిత్తూరు వాళ్ళకు వేలూరు నలభై కిలోమీటర్ల లోపే. సీఎంసీలో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: మానసిక వైద్య విభాగం టౌన్‌లోని పెద్దాసుపత్రిలో లేదు, బాగాయంలో ఉంది. కాట్పాడిలో దిగి "సీఎంసీ" అని ఆటో ఎక్కితే టౌన్‌లో దించుతాడు. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళకండి. తెలుగువాళ్ళు వచ్చిపోయే ఊరే కాబట్టి భాష గురించి మరీ బెంగ అక్కర్లేదు, అయినా బుక్ చేసేటప్పుడే తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలని చెప్పండి.

ఇంకా దూరమైనా ఫరవాలేదంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. ఆటిజంతో పాటు ఇతర వైకల్యాలు కూడా ఉన్న పిల్లలకు చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఎండీ ఉంది. నా సలహా అయితే, నిర్ధారణ కోసం ఒకసారి దూరం వెళ్ళండి, వారం వారం థెరపీ మాత్రం ఇంటి దగ్గర చూసుకోండి. ప్రతి శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేపి బస్సెక్కిస్తే ఏ థెరపీ పనిచేస్తుంది? రెండూ కలవాలంటే దూరాన ఉన్న డాక్టరును, దగ్గర ఉన్న థెరపిస్ట్‌కు ఒక ఉత్తరం రాసివ్వమని అడగండి.

ఆరో అడుగు: చదువు, రిజిస్ట్రేషన్ చూసుకోవడం

మా నాలుగో మనిషి ఒక "చైల్డ్ బిహేవియర్ ఎక్స్‌పర్ట్". ఏసీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు. పిల్లాడిని ఐదు నిమిషాలు చూసి, ముప్పై సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, ముందే మొత్తం కట్టాలన్నారు, మూడు నెలల్లో గ్యారంటీ అన్నారు. కట్టాం. తొమ్మిదో సిట్టింగ్‌కు తెలిసింది, ఆ సర్టిఫికెట్లలో ఒకటి వారాంతపు కోర్సుది, ఇంకోటి జ్ఞాపకశక్తి శిక్షణది. డబ్బు తిరిగి రాలేదు.

అందుకే ఫీజు కట్టకముందే అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్‌లకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఆ రిజిస్టరులో పేరు ఉండాల్సిందే. వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. ఎమ్మే సైకాలజీ చదివిన ప్రతివారూ క్లినికల్ సైకాలజిస్ట్ కారు, ఎంఫిల్ లాంటి ఆర్‌సీఐ గుర్తించిన శిక్షణ కావాలి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అయితే ఆ డిగ్రీ, బీఓటీనో ఎంఓటీనో, చూడండి. డాక్టర్లయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నంబరు చీటీ మీదే ఉంటుంది.

ఫోన్‌లోనే ఇంకో మూడు అడిగేయండి. ఈ వయసు పిల్లలను వారానికి ఎంతమందిని చూస్తారు? మొదటిసారి ఎంతసేపు ఇస్తారు? తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతారా? "నంబరు ఎందుకమ్మా, మా మీద నమ్మకం లేదా" అని కసురుకున్నారంటే ఫోన్ పెట్టేయండి. నిజంగా చదువుకున్నవాళ్ళు దానికి నొచ్చుకోరు. మాకు చివరికి దొరికిన సైకాలజిస్ట్ అడగకముందే నంబరు చెప్పారు.

గ్యారంటీ ఇచ్చేవాళ్ళనూ, పిల్లాడిని చూడకముందే ప్యాకేజీ చెప్పేవాళ్ళనూ, కొట్టి కట్టేసి మార్చేస్తామనేవాళ్ళనూ, ఆటిజంకు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనేవాళ్ళనూ దూరం పెట్టండి. స్టెమ్ సెల్స్ ఆటిజంకు ఆమోదించిన చికిత్స కాదు. అవ్వ కట్టిన తాయెత్తు సంగతి అంటారా, ఉండనివ్వండి. మావాడి మొలకు ఇప్పటికీ ఉంది, దానితో ఎవరికీ నష్టం లేదు.

ఏడో అడుగు: మొదటిసారి వెళ్ళేటప్పుడు

నోటుబుక్కు, టీచరు రాసిచ్చిన కాగితం, రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, ఒక క్లాస్‌వర్క్ పుస్తకం, వాడుతున్న మందుల స్ట్రిప్పులు, పాత రిపోర్టులు తీసుకెళ్ళండి. కాన్పు కష్టమైందా, నెలలు నిండకుండా పుట్టాడా, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాట్లాడాడు అని అడుగుతారు. అవి ముందే గుర్తుచేసుకోండి. ఈ విషయంలో మా అత్త నాకన్నా మేలు, నెలతో సహా చెప్పింది. ఇంట్లో ఎవరికి దిగులు, ఫిట్స్, తాగుడు, చదువు రాకపోవడం ఉన్నా దాచవద్దు. మా ఆయన చిన్నప్పుడు ఆరో తరగతిలో బడి మానేసింది ఎందుకో మాకు ఆ గదిలోనే తెలిసింది.

నాన్న కూడా రావాలి. ఒక్క తల్లే వెళితే నిర్ణయాలు ఇంటికొచ్చాక తిరగబడతాయి.

పిల్లాడికి అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి. "షాపింగ్‌కు పోదాం" అని ఆసుపత్రిలో దించితే రెండోసారి రాడు. నేను ఇలా చెప్పాను: "నీకు కోపం వచ్చినప్పుడు నీకే కష్టంగా ఉంది కదా నాయనా, దానికి సాయం చేసే మేడమ్ ఉన్నారు. ఇంజెక్షన్ ఉండదు. మాట్లాడతారు, బొమ్మలు వేయిస్తారు." వాడి తప్పుల జాబితా వాడి ముందు చదవవద్దు. వాడిని కాసేపు బయట కూర్చోబెట్టమని అడగండి, లేదా పుస్తకం డాక్టరు చేతికి ఇచ్చేయండి.

మంచి నిపుణులు మొదటి రోజే పేరు పెట్టేయరు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య, అనాలంటే ఆ లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ, అంటే ఒకటికి మించిన చోట్ల కనిపించాలి. అందుకే టీచరు మాట కావాలి. లేచి వచ్చేముందు మీరు అడగాల్సినవి: "ఏమై ఉండొచ్చని అనుకుంటున్నారు? ఇంకేమేం కావచ్చు? ఏది మారితే మెరుగైనట్టు లెక్క? ఎన్నాళ్ళకు చూద్దాం?"

ఎనిమిదో అడుగు: మందు, థెరపీ

మందు అనగానే "బానిసైపోతాడా" అన్న టెన్షన్ నాకూ ఉండింది. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ ఆకలి, నిద్ర తగ్గించొచ్చు. అందుకే డాక్టర్లు బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉంటారు. చూడకపోతే అడగండి. ఆరేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ముందు తల్లిదండ్రులకు శిక్షణ, మందు తర్వాత. ఆటిజంలో విపరీతమైన చిరాకుకు రిస్పెరిడోన్ ఇస్తారు, అది ఆకలినీ బరువునూ పెంచుతుంది. ఏ మందు గురించైనా ఎందుకు, ఎన్నాళ్ళు, ఏం గమనించాలి అని అడగడం మీ హక్కు.

థెరపీలో సగం పని మనది. పిల్లాడిని లోపలికి తీసుకుని తలుపేసి, గంటకు బయటికి పంపి, మీతో ఒక్క ముక్కా మాట్లాడకపోతే అది సరైన పద్ధతి కాదు. పద్నాలుగేళ్ళ పిల్లలైతే వాళ్ళ మాటలు కొన్ని మీకు చెప్పరు, అది వేరు, అలా ఉండాలి కూడా. నాకు మా మేడమ్ నేర్పింది చిన్న సంగతే: గొడవ నడుస్తున్నప్పుడు మాట్లాడవద్దు. పదునైనవి పక్కకు తీసి, చెల్లెలిని అవతలికి పంపి, కాస్త దూరంలో కింద కూర్చో. నీతులు తర్వాత. చెప్పినంత తేలిక కాదు, మొదటి నెల నోటిలో గుడ్డ కుక్కుకున్నట్టు ఉండేది.

తొమ్మిదో అడుగు: బడి

రిపోర్టు వచ్చాక ఒక కాపీ బడికి ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. మొత్తం రిపోర్టు ఇవ్వకుండా "డిక్టేషన్ తప్పులు అందరి ముందు చదవవద్దు, రాయడానికి కాస్త ఎక్కువ టైము ఇవ్వండి" అని నిపుణులతో ఒక పేజీ ఉత్తరం రాయించుకోవచ్చు. మేము అదే చేశాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం రెండూ ఉన్నాయి. వైకల్య సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు పెట్టొచ్చు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కదా, దరఖాస్తుకు ముందు ఆధార్‌లో మీ జిల్లా ఏముందో చూసుకోండి.

మార్చాలా, ఉండాలా

పదేపదే డాక్టర్లను మార్చడం మా పెద్ద పొరపాటు. ప్రతిచోటా మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పడమే సరిపోయేది. మూడు నెలలు ఒకచోట ఉండండి. ఆ మూడు నెలలకూ ఏం మారాలో ముందే రాసి పెట్టుకోండి. అప్పటికీ ఏమీ కదలకపోతే ముందు ఆ నిపుణులనే అడగండి, "ఇంకెవరికైనా చూపించమంటారా?" అని. ఆ ప్రశ్నకు మొహం మాడ్చుకుంటే మారండి. వెళ్ళేటప్పుడు ఫైలు మొత్తం కాపీ తీసుకోండి, పరీక్షల మార్కులు ఉన్న పేజీలతో సహా.

మూడో నెల అయ్యాక నేను నోటుబుక్కు మళ్ళీ తీసి రెండు వారాలు రాశాను. డిక్టేషన్ మానేశారు, స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి రెండు రోజులు వస్తున్నారు. అందులో ఒక పేజీ: "బుధవారం. సాయంత్రం 6:20. చెల్లెలు వాడి రబ్బరు తీసుకుంది. అరిచాడు, దిండు విసిరాడు. 11 నిమిషాలు. నేను మాట్లాడలేదు. తర్వాత వాడే వచ్చి, చపాతీకి పిండి తడుపుతానన్నాడు. నీళ్ళు ఎక్కువ పోశాడు."